గోటితో పోయేదానికి గొడ్డలి దాకానా?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల ఉన్నతాధికారులకు, అసాంక్రమిక వ్యాధుల కార్యక్రమాన్ని నడిపే బాధ్యులకు



మీ ఆశాలు, ఏఎన్‌ఎంలు ఇంటింటికీ తిరిగి ముప్పై ఏళ్ళు దాటినవాళ్ళ వివరాలు రాసుకుంటారు. బీపీ చూస్తారు. వేలికి సూది గుచ్చి షుగరు చూస్తారు. నోట్లో మానని పుండుందా అంటారు. ఆడవాళ్ళను పక్కకు పిలిచి రొమ్ములో గడ్డేమైనా చేతికి తగులుతోందా అని అడుగుతారు. కుష్ఠు అనుమానంతో స్పర్శ తెలియని మచ్చల సంగతీ అడుగుతారు. ఇందులో దేనికీ నేను వంక పెట్టను. మండుటెండలో ఆ పని చేస్తున్నవాళ్ళకు మనం ఇస్తున్నదెంతో అందరికీ తెలుసు. నా తగాదా వాళ్ళతో కాదు, మీతో. ఇంత చేసి, ఎదురుగా కూర్చున్న మనిషిని కాలు కాస్త పైకెత్తి అరికాలు చూపించమని మాత్రం వాళ్ళు అనరు. అనమని మీరు చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదు? అరికాలిలోనూ వచ్చే మెలనోమా అనే చర్మ క్యాన్సర్ మన దగ్గర అరుదు కాబట్టి. పరీక్షల జాబితాలో నోటికి, రొమ్ముకు, గర్భాశయ ముఖద్వారానికి వచ్చే మూడు క్యాన్సర్లకే చోటిచ్చి, మిగతావాటికి తలుపు వేశారు. ఆ మూడింటికీ ప్రాధాన్యం ఇవ్వడం సబబే. నాకు మింగుడుపడనిదల్లా, అరుదు అన్న ఒక్క మాటతో కంటికి కనిపించే జబ్బును కూడా చూడనక్కర్లేదని తేల్చేయడం.

అరుదు అనడం అబద్ధం కాదు. ఆస్ట్రేలియాలో ఏటా లక్ష మందిలో ముప్పై మందికి పైగా మెలనోమా వస్తుంటే మన దేశంలో లక్షకు ఒక్కరు కూడా లేరు. చర్మానికి రంగునిచ్చే కణాలే అదుపు తప్పి పెరిగితే అది మెలనోమా. తెల్లతోలు వాళ్ళకు ఎక్కువగా ఎండ వల్ల, ఎండ తగిలే చోట వస్తుంది. మనకున్న నలుపు ఆ ఎండ నుంచి మనల్ని చాలావరకు కాపాడుతుంది. అయితే ఆ కాపుదల అందని చోట్లు కొన్నున్నాయి. అరికాలు, అరచేయి, గోటి కింద. అక్కడ వచ్చే రకానికి ఎండతో పనిలేదు. 1976లో రిచర్డ్ రీడ్ అనే అమెరికన్ వైద్యుడు దానికి వేరే పేరు పెట్టి విడిగా వర్ణించాడు. మన దేశంలో క్యాన్సర్ ఆసుపత్రులు ప్రచురించిన లెక్కలు చాలావాటిలో చర్మపు మెలనోమాలో పాదానిదే పెద్ద వాటా. నడిచేటప్పుడు బరువు ఎక్కువగా పడే భాగాల్లోనే ఈ కణుతులు ఎక్కువని జపాన్ పరిశోధకులు 2016లో చూపించారు. అంటే మనవాళ్ళకు ఈ జబ్బు ఎక్కడ వస్తుందో ముందే తెలుసు. వెతకాల్సింది ఒళ్ళంతా కాదు, రెండు పాదాలు, రెండు చేతులు, ఇరవై గోళ్ళు. ఇంత చిన్న జాగాను చూడటానికి మీకున్న ఇబ్బంది ఏమిటి?

చర్మ క్యాన్సర్ పేరు మన జనం చెవిన పడేది సన్‌స్క్రీన్ ప్రకటనల్లోనే. కరపత్రాల్లో వేసే బొమ్మలు తెల్లవాళ్ళ వీపులవి. వాటి కింద అచ్చేసే నాలుగు గుర్తులు 1985లో న్యూయార్క్ వైద్యులు తమ రోగుల కోసం కట్టుకున్న సూత్రం. మచ్చ రెండు సగాలు ఒకేలా ఉన్నాయా, అంచు వంకరపోయిందా, రంగులు కలగలిశాయా, ఆరు మిల్లీమీటర్లు దాటిందా అన్నవి ఆ నాలుగూ. వాళ్ళకు అది ఎన్నో ప్రాణాలు కాపాడింది. మనకు మాత్రం అది సగం తలుపే తెరుస్తుంది. గోటి కింద గీతకు రెండు సగాలెక్కడివి? ఎస్‌పీఎఫ్ యాభై పూసుకున్నా అరికాలికి ఒరిగేదేముంది? మన కాళ్ళ కోసం మన భాషలో ఒక్క కరపత్రం రాయించుకోలేనంత పేదవి కావు కదా మీ శాఖలు!

ఇక ఆ మచ్చ మన ఊళ్ళల్లో ఎలా ప్రయాణం చేస్తుందో చూడండి. ఫలానా మనిషి కథ అని కాదు, దారి మాత్రం ఇదే. మడమ దగ్గర బఠాణీ గింజంత నలుపు కనిపిస్తుంది. నాట్లకు దిగిన కాలు, మిరప కోతకు వెళ్ళిన కాలు, బురద మరకేమో అనుకుంటారు. నొప్పి ఉండదు కాబట్టి నెలలు గడిచిపోతాయి. కాస్త గట్టిపడితే ఆనెకాయ అంటారు. మెడికల్ షాపులో కార్న్ క్యాప్ అడిగి తెచ్చి అతికిస్తారు. పోకపోతే బ్లేడుతో గీకుతారు, జిల్లేడు పాలు పోస్తారు. ముల్లు విరిగి లోపల ఉండిపోయిందని ఆర్‌ఎంపీ కోస్తాడు. తీసిన ముక్క చెత్తబుట్టలోకి పోతుంది. గోటికి వస్తే గోరు పుచ్చిందంటారు, లేదా గడప తగిలి కమిలిందంటారు. పండక్కి గోరింటాకు, పెళ్ళికి పారాణి, మామూలు రోజుల్లో నెయిల్ పాలిష్, వీటి మాటున ఆడవాళ్ళ గోటి గీత ఏళ్ళ తరబడి ఎవరి కంటా పడదు. చివరికి గజ్జల్లో బిళ్ళ కడుతుంది. అప్పుడు కూడా కాలి పుండు వల్లే బిళ్ళ కట్టిందని మాత్రలిస్తారు. ఆ బిళ్ళ పుండు వల్ల వచ్చింది కాదు. అరికాలి నుంచి బయల్దేరిన నల్లకణాలు అప్పటికే తొడ మొదలు దాకా వచ్చి కూర్చున్నాయి. అక్కడి నుంచి ఊపిరితిత్తులకు, కాలేయానికి, మెదడుకు, ఎముకలకు దారి తెరిచే ఉంటుంది. రోగి రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే ఆసుపత్రికో, విశాఖ అగనంపూడికో చేరేసరికి సర్జన్ చేతిలో మిగిలేది కాలి మీద కత్తి పెట్టడం, అదీ ప్రయోజనం ఉంటే.

ఈ దారిలో తప్పు చేసిందెవరు? ముల్లనుకున్న రైతుకూలీయా? కార్న్ క్యాప్ అమ్మిన షాపువాడా? ఇలాంటి జబ్బొకటి ఉందని వాళ్ళకు ఎవరైనా చెప్పారా? చెప్పాల్సిన జీతగాళ్ళు ఎవరు?

డబ్బూ పేరూ ఉన్నవాళ్ళకు కూడా ఇదే జరిగింది. బాబ్ మార్లీ పాటలు వినే మన కుర్రాళ్ళలో ఎందరికి తెలుసో గానీ, ఆయన్ను పొట్టనపెట్టుకున్నది ఈ రకం మెలనోమాయే. 1977లో కుడికాలి బొటనవేలి గోటి కింద బయటపడింది. దాన్ని మొదట ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బగానే అనుకున్నారు. జబ్బేమిటో తేలాక వేలు తీసేయాలన్నారు డాక్టర్లు. ఆయన ఒప్పుకోలేదు, చిన్న ఆపరేషన్‌తో సరిపెట్టుకున్నాడు. 1980లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో పరుగు తీస్తూ కుప్పకూలాడు. అప్పటికి మెదడు దాకా పాకింది. 1981 మే 11న మయామీలో చనిపోయేనాటికి వయసు 36. దెబ్బ తగిలిన నలుపైతే గోరు పెరిగేకొద్దీ ముందుకు జరిగిపోతుంది, వెనకాల కొత్త గోరు మామూలుగా వస్తుంది. జరగకుండా మొదలంటా నిలిచిన నలుపు, పక్కనున్న చర్మం మీదకు పాకిన నలుపు వేరు. ఇలా పాకడం ప్రమాదమని లండన్ సర్జన్ జోనథన్ హచిన్సన్ 1886లోనే రాసిపెట్టాడు. ఈ రెండు వాక్యాలు అర్థం చేసుకోవడానికి ఎంబీబీఎస్ అక్కర్లేదు. పదో తరగతి చదివిన ఆశా కార్యకర్తకు అరగంటలో నేర్పొచ్చు.

ముందుగా చూడటం వల్ల ఒరిగేదేమిటని మీలో ఎవరైనా అనొచ్చు. ఈ జబ్బులో జీవితాన్ని కొలిచేది మిల్లీమీటర్లలో. 1970లో అలెగ్జాండర్ బ్రెస్లో అనే పాథాలజిస్టు కణితి చర్మంలోకి ఎంత లోతు దిగిందో కొలిచి, రోగి బతుకుతాడా లేదా అన్నది ఎక్కువగా ఆ లోతు మీదే ఆధారపడుతుందని చూపించాడు. ఈ రోజుకీ ప్రపంచమంతా ఆ కొలతే వాడుతోంది. లోతు ఒక మిల్లీమీటరు లోపే ఉండి ఎక్కడికీ పాకకపోతే, చుట్టూ కాస్త మంచి చర్మంతో సహా కోసేస్తే నూటికి తొంభై మందికి పైగా ఐదేళ్ళు దాటి బతుకుతారు. 0.8 మిల్లీమీటర్లు దాటిన దగ్గర్నుంచి గజ్జల్లో గ్రంథిని కూడా పరీక్షించాలా అన్న ఆలోచన మొదలవుతుంది. మీ పర్సులో ఉన్న ఏటీఎం కార్డు తీసి అంచు చూడండి, దాని మందం దాదాపు అంతే. ఇక ఊపిరితిత్తులకో, కాలేయానికో చేరాక, అన్ని మందులూ దొరికే అమెరికాలోనే ఐదేళ్ళు దాటేది ముగ్గురిలో ఒకరు. అందులోనూ పాదాల రకానికి ఫలితాలు ఇంకా నాసి.

మందుల సంగతి మీకు తెలియనిది కాదు. శరీరంలోని రక్షణ కణాలకు వేసిన బ్రేకులు తీసే మందులు కనిపెట్టినందుకు జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ వచ్చింది. నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ ఆ కోవలోవే. మెలనోమా చికిత్సను అవి మార్చేసిన మాట నిజం. కానీ తెల్లవాళ్ళ ఎండ మెలనోమా మీద పనిచేసినంతగా అరికాలి మెలనోమా మీద పనిచేయవు. తెల్లవాళ్ళలో సగం మందికి పనికొచ్చే జన్యులోపం ఆధారిత మాత్రలు మనవాళ్ళలో కొద్దిమందికే సరిపోతాయి. పైగా ఖర్చు లక్షల్లో. 2023 డిసెంబరులో, ఒకే నెలలో, ఆంధ్రప్రదేశ్ ఆరోగ్యశ్రీ పరిమితిని 25 లక్షలకు, తెలంగాణ 10 లక్షలకు పెంచాయి. సంతోషం. ఈ జబ్బు ముదిరాక ఏ మందు, ఎన్ని డోసుల దాకా ఈ పథకాల్లో వస్తుందో జనానికి అర్థమయ్యే తెలుగులో ప్రకటించండి. ఆ మాట అడిగాక ఇంకోటి అడగక తప్పదు. చివరి దశలో లక్షలు మంజూరు చేయగల ప్రభుత్వానికి, మొదటి దశలో అరికాలు చూసే అరనిమిషం ఎందుకు బరువైంది?

షుగరు రోగుల దగ్గర ఈ నిర్లక్ష్యం మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దేశంలో పది కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని ఐసీఎంఆర్ 2023లో తేల్చింది. షుగరు రోగి పాదాలు పరీక్షించాలని మీ మార్గదర్శకాలే చెబుతాయి. పీహెచ్‌సీలో షుగరు మాత్రల రోజున వరుసలో నిలబడ్డవాళ్ళలో ఎందరి చెప్పులు విప్పించి చూశారు? ఒక్కసారి మీరే వెళ్ళి ఓ మూల నిలబడి గమనించండి. చీటీ మీద పాత మందులే రాసి పంపే వేగం చూస్తే కాళ్ళ దాకా వంగే తీరిక ఎవరికీ ఉండదని తెలుస్తుంది. మెలనోమా అన్నిసార్లూ నల్లగానే ఉండాలని లేదు. కొన్ని ఎర్రగా, రసి కారుతూ, అచ్చం షుగరు పుండులా ఉంటాయి. కట్టు కడుతూ కడుతూ నెలలు గడిపేస్తారు. మానని పుండు అంచు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలన్న నియమం మీ పీహెచ్‌సీ గోడ మీద ఎక్కడైనా రాసి ఉందా?

మీరు చెప్పబోయే అభ్యంతరం నాకు తెలుసు. మన జనంలో చాలామందికి గోళ్ళ మీద గోధుమరంగు గీతలు, అరికాళ్ళలో చిన్న మచ్చలు ఉంటాయి, ఇప్పుడు ఊరంతా భయపడి చర్మ వైద్యుల దగ్గర క్యూ కడతారు అంటారు. సరైన మాటే. నా గోళ్ళ మీదా అలాంటి గీతలున్నాయి. అందుకే కదా వడపోత మీ చేతుల్లో ఉండాలనేది. పది వేళ్ళకూ ఉన్న సన్నటి గీతలు ఏళ్ళ తరబడి అలాగే ఉంటే వాటి జోలికి పోనక్కర్లేదు. పెద్దయ్యాక కొత్తగా ఒకే గోటికి వచ్చి, మూడు మిల్లీమీటర్లు దాటి వెడల్పవుతున్న గీతను చూపించాలి. అరికాలి మచ్చ ఏడు మిల్లీమీటర్లు దాటిందా, పెరుగుతోందా, రక్తం వస్తోందా అని చూడాలి. ఏడు అన్న కొలత జపాన్ వైద్యులు తమ అనుభవంతో పెట్టుకున్నది. చర్మాన్ని పెద్దదిగా చూపే, చేతిలో పట్టే డెర్మాస్కోప్ ఒక్కటుంటే జిల్లా ఆసుపత్రి డాక్టరు ఇంకా తేల్చి చెప్పగలడు. అరికాలి చర్మంలో వేలిముద్రల్లా గట్లు, చాళ్ళు ఉంటాయి. మామూలు మచ్చలో రంగు చాళ్ళలో ఉంటుంది, మెలనోమాలో గట్ల మీదకెక్కుతుంది. ఊళ్ళో తీసిన ఫోటోను చర్మ వైద్యుడికి చేర్చడానికి ఈ-సంజీవని ఉండనే ఉంది. 2019 నుంచి నడుస్తున్న ఆ ఏర్పాటును మీరు జలుబు, జ్వరాలకేనా వాడేది?

కొత్తగా సిబ్బందిని పెట్టమనడం లేదు, కొత్త పథకానికి పేరు పెట్టి ఫ్లెక్సీలు కట్టమనడం అసలే లేదు. కుష్ఠు కేసుల కోసం 2016 నుంచి ఇంటింటి గాలింపు చేయిస్తున్నారు. ఆ బృందాలు చర్మం చూడటానికే వెళుతున్నాయి. తెల్లబారిన, స్పర్శలేని మచ్చను వెతికే కంటికి అరికాలి నల్లమచ్చ కూడా చూడమని చెబితే చాలు. తెలంగాణలో కంటి వెలుగు శిబిరాలు పెట్టి కోటి మందికి పైగా కళ్ళు పరీక్షించారు. తలచుకుంటే చేయగలరన్న దానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి, మర్యాదగా వినిపించకపోయినా. ఇదే జబ్బు మలద్వారం లోపలా వస్తుంది. రక్తం పడితే మొలలనుకుంటారు. ఆపరేషన్ లేకుండా పైల్స్ నయం చేస్తామన్న బోర్డు లేని టౌను మన రెండు రాష్ట్రాల్లో ఉందా? ఆ గదుల్లో ఇంజెక్షన్లు పొడిచి, దారాలు కట్టి తీసినవాటిలో పరీక్షకు వెళ్ళేవెన్ని? ఆ బోర్డుల మీద అజమాయిషీ ఎవరిదో మీకు నేను చెప్పాలా?

కాబట్టి ఒక ఉత్తర్వు ఇవ్వండి. రంగున్న మచ్చ గానీ, మానని కురుపు గానీ, పుచ్చిందని పీకిన గోటి కింద కండ గానీ, కోసింది ఏదైనా ఫార్మలిన్ సీసాలో వేసి పాథాలజీకి పంపకుండా ఏ ఆసుపత్రీ, ఏ క్లినిక్కూ పారేయకూడదని. కాల్చడం, గీకడం, యాసిడ్ పెట్టడం ముందు మానాలని. పాథాలజీ రిపోర్టులో మెలనోమా అని రాసి ఊరుకోకుండా లోతు ఎన్ని మిల్లీమీటర్లో తప్పనిసరిగా రాయాలని. లోతు రాయని రిపోర్టు పట్టుకుని హైదరాబాదుకు వచ్చిన రోగికి మళ్ళీ మొదటి నుంచి పరీక్షలు చేయాల్సి వస్తుంది. తీసిన ముక్కతో చేసిన గాజు పలకలు, మైనపు దిమ్మలు ఊళ్ళోనే ఉండిపోతే వాటి కోసం ఇంకో బస్సు టికెట్టు. రోగానికి తోడు ఈ తిరుగుడు, గోరుచుట్టు మీద రోకటిపోటు కాక మరేమిటి?

ఉత్తర్వుతో పాటు ఆశాలు ఇంటింటికీ తిరిగి నింపే ఫారంలో ఒక వరుస: అరికాలిలో, అరచేతిలో, గోటి కింద కొత్త నల్లమచ్చ గానీ, పెరుగుతున్న మచ్చ గానీ, మానని పుండు గానీ ఉందా? అవును, లేదు. పక్కన ఒక గడి. అంతే నేను అడిగేది. వచ్చే విడత ఫారాలు అచ్చుకు వెళ్ళేలోపు, ట్యాబుల్లో యాప్ కొత్తగా వేసేలోపు ఆ వరుస చేర్చండి. చేర్చడం కుదరదనుకుంటే, ఎందుకు కుదరదో కారణం రాసి, సంతకం పెట్టి, మా అందరికీ కనిపించేలా ప్రకటించండి.

భవదీయుడు,
ఒక తెలుగు పౌరుడు